వంకరపోయిన కాలర్లు

"తలుపు తియ్యండి మేడమ్. మా ఆవిడ లోపలే ఉందని నాకు తెలుసు."

ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ 'అక్కా' అన్నాడు. అక్క పలక్కపోయేసరికి మేడమ్‌ని చేశాడు.

సూపర్‌వైజరమ్మ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. చేతిలో సగం సర్దిన టిఫిను డబ్బా అలాగే ఉండిపోయింది. ఉల్లిపాయలు తరుగుతున్న ఆవిడ తల్లి కత్తి కింద పెట్టడం కూడా మరిచిపోయి వంటింట్లోంచి వచ్చేసింది. ఆ పెద్దావిడ వెనకాల, గోడకి అతుక్కుపోయినట్టు కాలరమ్మాయి.

లైనులో అందరూ ఆ పిల్లని అలాగే పిలుస్తారు. చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె పని కాలర్లు కుట్టడం. మూడు రోజుల కిందట వాచిపోయిన ఎడమ మణికట్టుతో, కట్టుబట్టలతో వచ్చి ఈ గుమ్మంలో నిలబడితే సూపర్‌వైజరమ్మ మారుమాట లేకుండా లోపలికి రానిచ్చింది. ఈ సంగతి ఇంకో మనిషికి తెలియదు. లైనులో కాజాలు కుడుతూ అందరి కడుపులో మాటా లాగే కాజాలక్కకి కూడా తెలియదు.

"ఎవరే బయట?" అంది పెద్దావిడ, వీధిలోకి వినపడేలా.

"ఎవరో నీకు తెలుసు కదమ్మా!"

"తెలిసే అడిగాను. మనకి గుర్తు లేదనుకుంటే కొంతమంది వాళ్ళంతట వాళ్ళే పోతారు."

అతను పోయే రకం కాదు. కిటికీ దగ్గరికి వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. చూసినవాళ్ళెవరూ అతన్ని ఒక్క మాట అనలేరు. అదే అతని బలం.

"నేనేం దొంగలా వెతుక్కుంటూ రాలేదు మేడమ్. మీ కంపెనీవాళ్ళే చెప్పారు. ఇదుగో, చూడండి."

ఫోను అద్దానికి ఆనించాడు. సూపర్‌వైజరమ్మ అద్దంలోంచే చదివింది.

'మీ కుటుంబ సభ్యురాలికి నేటి నుండి ఉదయం షిఫ్టు. బండి ఎక్కవలసిన చోటు: పాల బూత్ ఎదురు సందు. మీ ఇంటి మహిళ భద్రత మా బాధ్యత.'

పాల బూత్ ఎదురు సందంటే ఆవిడ సందే. ఆ షిఫ్టు మార్పు చీటీ నిన్న సాయంత్రం రాసింది ఆవిడే. సాయంత్రాలు మొగుడు గేటు దగ్గర కాపు కాస్తున్నాడని, పిల్లని ఉదయం షిఫ్టుకి మార్చి, తన సందు చివరే కంపెనీ బండి ఎక్కేలా రాసి, ఎంత తెలివైనదాన్నో అని తనని తానే మెచ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఆఫీసు తన అలవాటు ప్రకారం ఆ మార్పుని ఇంటి ఫోనుకి చేరవేసింది.

ఇంటి ఫోనంటే ఆడపిల్ల పనిలో చేరిన రోజున రాసిచ్చే నంబరు. పెళ్ళికానివాళ్ళు తండ్రిది రాస్తారు, పెళ్ళయినవాళ్ళు మొగుడిది. షిఫ్టు మారినా, బండి ఆలస్యమైనా, మనిషి రాకపోయినా ఆ నంబరుకి కబురు వెళుతుంది. ఎనిమిదేళ్ళ కిందట యజమాని పెట్టిన పద్ధతి. కొత్తగా చేరేవాళ్ళ తల్లులకి దీని గురించి గొప్పగా చెప్పేది కూడా సూపర్‌వైజరమ్మే. 'మీ పిల్ల ఎక్కడుందో మీకు నిమిషాల మీద తెలుస్తుందమ్మా, బెంగ పడకండి' అని. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది ఆవిడకి.

"మొగుడూ పెళ్ళాలన్నాక మాటా మాటా అనుకోరా మేడమ్?" కిటికీలోంచి గొంతు మెత్తబడింది. "మీ ఆయన మిమ్మల్ని ఏనాడూ ఏమీ అనలేదా?"

"అన్నాడు. చాలా అన్నాడు. పోయేదాకా అంటూనే ఉన్నాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు."

"నేను మాత్రం కావాలని చేశానా? తలుపు వేస్తుంటే దాని చెయ్యి మధ్యలో పడింది."

గోడ దగ్గర్నుంచి మొదటిసారి కాలరమ్మాయి గొంతు వినిపించింది.

"పోయిన నెల కూడా తలుపేనా?"

పెద్దావిడ కత్తిని చూసుకుని, అప్పుడు గుర్తొచ్చినట్టు, కిటికీ గట్టు మీద పెట్టింది. అతనికి కనపడే వైపునే పెట్టింది.

"సరే," అన్నాడు అతను. ఈసారి మెత్తదనం లేదు. "ఉద్యోగం ఉందనేగా ఈ పొగరు? మీ మేనేజరుతోనే మాట్లాడుకుంటాను. ఆ ఉద్యోగం ఊడాక ఏ గుమ్మం ఎక్కుతుందో చూస్తా."

మోటారుసైకిల్ చప్పుడు సందు చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. అక్కడే ఎక్కడో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. తర్వాత మళ్ళీ కదిలింది.

కాలరమ్మాయి చీర కొంగు దోపుకుంది.

"నేను వెళ్ళిపోతానక్కా. నా మూలంగా మీ ఇంటి మీదికి గొడవొచ్చింది."

"గొడవ ఎలాగూ వచ్చేసింది," అంది పెద్దావిడ. "నువ్వు వెళితే గొడవకేం కాదు. నీకే అవుతుంది. కూచో."

"ఈ పూట సెలవు పెట్టు," అంది సూపర్‌వైజరమ్మ. "నేను వెళ్ళి మేనేజరుతో మాట్లాడతా."

"రానని రాస్తే ఆ కబురు కూడా ఆయన ఫోనుకే వెళుతుంది కదక్కా."

అది నిజం.

"అతను అన్నదాంట్లో ఒకటి మాత్రం నిజమే," అంది ఆ పిల్ల. "నా ధైర్యం ఆ ఉద్యోగమే. అది పోతే మీ ఇంట్లో ఎన్నాళ్ళుంటాను? నెల? రెండు నెలలా? తర్వాత తిరిగి అక్కడికే. అందుకే పనికొస్తున్నాను. డబ్బా సర్దెయ్యండి, బండి వచ్చే టైమైంది."

*

ఆ పొద్దున మొదటి లైనులో కాలర్లు కదలలేదు.

కాలరు కుట్టడం చూసేవాళ్ళకి సులువే. రెండు ముక్కల్ని లోపలి వైపు పైకి ఉంచి కుట్టి, తిరగేసి, మొద్దుకర్రతో మూలల్ని బయటికి నెట్టాలి. మొన సూదిగా రావాలంటే ఎడమ బొటనవేలితో గుడ్డని బిగించి పట్టుకోవాలి. మణికట్టు బాగున్నవాళ్ళకి అది అర నిమిషం పని. కాలరమ్మాయి మాత్రం పళ్ళ బిగువున చేస్తోంది. ఆమె పక్కన కాలరు కోసం కాచుకున్న చొక్కాలు కుప్ప పడుతున్నాయి.

"ఏంటే పిల్లా, ఇవాళ నా మిషన్‌కి సెలవిచ్చావా?" అని అరిచింది చివర్న కూర్చున్న కాజాలక్క. మణికట్టుకి చుట్టిన గుడ్డ కట్టు చూసి, ఆ పిల్ల ముఖం చూసి, మళ్ళీ అరవలేదు. లేచి వచ్చి కుప్పలోంచి ఇరవై కాలర్లు ఒళ్ళో వేసుకుని తన చోటికి పట్టుకుపోయింది. ఏమైందని అడగలేదు. కాజాలక్క ఏమీ అడక్కపోవడం ఆ లైనులో ఎప్పుడూ జరగలేదు.

సూపర్‌వైజరమ్మ తిరగ్గొట్టిన సరుకు పుస్తకం తెరిచింది. బాగాలేని ముక్కల్ని ఎవరివి, ఎందుకు అని రోజూ అందులో రాయడం ఆవిడ పని. ఈ రోజు తేదీ వేసి, 'కాలరు మొన వంకర' అని రాసి, కారణం దగ్గర అలవాటుగా 'నిర్లక్ష్యం' అని రాయబోయి ఆగిపోయింది.

పేజీ వెనక్కి తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది.

పోయిన నెల రెండో వారం, మూడు రోజులు వరసగా, కాలరు మొన వంకర. నిర్లక్ష్యం. అంతకుముందు నెల, నాలుగు రోజులు. నిర్లక్ష్యం. చలికాలంలో ఒక వారమంతా, 'హెచ్చరించడమైనది' అని కూడా ఉంది. అన్నీ ఆవిడ గుండ్రటి దస్తూరీలోనే. ఆ వారం పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకొస్తున్నావని తనే అడిగిన సంగతి ఆవిడకి గుర్తొచ్చింది. చలేస్తోందక్కా అంది ఆ పిల్ల. నమ్మింది. నమ్మితే పని తేలిక కాబట్టి నమ్మింది.

ఆవిడ అక్కడే, నలభై మిషన్ల మోతలో, సిగ్గుతో చచ్చిపోయింది.

పదిన్నర దాటాక పిలుపు వచ్చింది. ఇద్దర్నీ రమ్మన్నాడు మేనేజరు. సూపర్‌వైజరమ్మ పుస్తకం చంకన పెట్టుకుంది. కాలరమ్మాయి జాకెట్టులోంచి మడత పెట్టిన కాగితం తీసి చేతిలో పట్టుకుంది.

"ఏంటది?"

"రాత్రి రాసుకున్నానక్కా. తప్పులుంటే ఏమీ అనుకోకండి."

*

మేనేజరు గదికి హాలు వైపు గోడంతా అద్దమే. లోపల బల్ల మీద రెండు టీ గ్లాసులున్నాయి. ఒకటి ఖాళీ, రెండోదాంట్లో అడుగున కాస్త మిగిలింది.

"కూచోండమ్మా," అన్నాడు మేనేజరు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ ఒక్క గుణంతోనే ఆ కుర్చీలో ఉన్నాడు. "మీ ఆయన వచ్చి వెళ్ళాడు. కుర్రాడు మంచివాడిలాగే ఉన్నాడు. ఏడ్చాడు కూడా, పాపం."

"నా ముందు కూడా ఏడుస్తాడు సార్," అంది కాలరమ్మాయి. "కొట్టాక."

మేనేజరు టీ గ్లాసుల్ని పక్కకి జరిపాడు.

"చూడమ్మా, నువ్వు నా కూతురి లాంటిదానివి. వారం రోజులు సెలవిస్తున్నాను. ఇంటికి వెళ్ళి సర్దుకో. అతను గేటు దగ్గరే ఉన్నాడు. పదకొండింటికి గేటు పాసు రాయిస్తాను, ఇద్దరూ కలిసి వెళ్ళండి."

"కలిసి వెళ్ళను సార్."

"మరి? అతను రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడితే? నలుగురూ చూస్తే కంపెనీకి ఎంత అప్రతిష్ట? ఇంటి గొడవలు ఇంట్లోనే ఉండాలమ్మా. వాటిని గేటు లోపలికి తేకూడదు."

అంతసేపూ ఓపిక పట్టిన సూపర్‌వైజరమ్మ ఇక పట్టలేకపోయింది.

"ఈ పిల్ల తేలేదు సార్. మనమే గేటు లోపలి సంగతుల్ని ఇంటికి పంపించాం. ఈమె ఏ సందులో బండి ఎక్కుతుందో, ఎన్నింటికి ఎక్కుతుందో అతనికి చెప్పింది మన ఆఫీసు. పొద్దున్న ఆ కబురు పట్టుకునే మా తలుపు బాదాడు."

"అది భద్రత కోసం పెట్టిన పద్ధతి."

"ఎవరి భద్రత సార్? ఈమె నంబరు మార్చండి. నాది రాయండి."

"అలా కుదరదమ్మా. రక్తసంబంధీకులో, భర్తో అయ్యుండాలి. మార్చాలన్నా పాత నంబరువాళ్ళ ఒప్పుదల కావాలి. రూలు."

"అంటే కొట్టినవాడి సంతకం కావాలి."

మేనేజరు కుర్చీ వెనక్కి జరిపాడు. "నాకవన్నీ ఏం తెలుసమ్మా? ఈ సంగతులేవీ కంపెనీకి తెలియవు. ఎవరూ చెప్పలేదు."

సూపర్‌వైజరమ్మ పుస్తకం తెరిచి ఆయన ముందుకి నెట్టింది.

"చెప్పాం సార్. ఏడు నెలల నుంచి చెబుతూనే ఉన్నాం. ఈ తేదీలు చూడండి. దెబ్బ తగిలిన ప్రతిసారీ కాలరు వంకరపోయింది. ప్రతి వారం చివర్న మీరు సంతకం పెట్టారు. పక్కన నిర్లక్ష్యం అని రాసింది నేను. ఆ నిర్లక్ష్యం ఈ పిల్లది కాదు. నాది. కింద సంతకం ఉంది కాబట్టి మీది కూడా."

మేనేజరు తన సంతకాలని చూశాడు. పుస్తకం మూసేశాడు.

కాలరమ్మాయి మడత విప్పి కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన వేడి గిన్నె తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అది నాకు ఇవ్వకమ్మా."

"ఎందుకు సార్?"

"తీసుకుంటే తెలిసినట్టవుతుంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. పైవాళ్ళు నన్ను అడుగుతారు. అర్థం చేసుకో తల్లీ. నీ మీద జాలి లేక కాదు. చెప్పానుగా, నిన్ను నా కూతురిలా..."

"కూతురిలా వద్దు సార్," అంది కాలరమ్మాయి. "కాలర్లు కుట్టేదానిలా చూడండి, చాలు. మిషన్‌కి సూది విరిగితే మెకానిక్కుని పిలుస్తారు. ఆ మిషన్ని ఎవరైనా బద్దలు కొడితే వాణ్ణి గేటు లోపలికి రానివ్వరు. టీ ఇచ్చి కూచోబెట్టరు."

మేనేజరు రెండో టీ గ్లాసు వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. తర్వాత వేలి కొసతో ఆ కాగితాన్ని ఆమె వైపే జరిపాడు. నెమ్మదిగా, మర్యాదగా జరిపాడు.

"పదకొండింటికి గేటు పాసు," అన్నాడు. "ఇంక నన్నేం చెయ్యమనకు."

అద్దం అవతల మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. గోడ గడియారం పదకొండుకి ఆరు నిమిషాలు చూపిస్తోంది.

సూపర్‌వైజరమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయింది. అక్కడ భుజం లేదు. కాలరమ్మాయి బల్ల అవతలి వైపుకి నడిచింది. రోజూ పొద్దున్న ఎన్ని చొక్కాలు కావాలో, ఏ లైను వెనకబడిందో హాలంతటికీ చెప్పే మైకు అక్కడే ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్? అది పెట్టు!"

"మీరు తీసుకోలేదు కదా సార్. అందుకని చదువుతున్నాను."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. ఆయనకీ ఆ పిల్లకీ మధ్య సూపర్‌వైజరమ్మ వచ్చి నిలబడింది. పొద్దున్న తలుపుకి అడ్డంగా ఎలా నిలబడిందో అలాగే. ఆవిణ్ణి నెట్టడం మేనేజరు వల్ల అయ్యే పని కాదు. చెప్పాను కదా, ఆయన ఎవరితోనూ గొడవ పెట్టుకోడు.

"నేను మొదటి లైనులో కాలర్లు కుట్టేదాన్ని," అన్న గొంతు హాలంతా వినిపించింది. "మా ఆయన నన్ను నాలుగేళ్ళుగా కొడుతున్నాడు. నేను ఆ ఇంటికి వెళ్ళను. ఈ పని మానను. నేను ఎక్కడ ఉంటున్నానో, ఎప్పుడు వస్తున్నానో, ఎప్పుడు పోతున్నానో ఆయనకి కంపెనీ చెప్పకూడదు. నా ఇంటి నంబరు మార్చాలి. ఆయన్ని గేటు లోపలికి రానివ్వకూడదు."

మొదట దగ్గర మిషన్లు ఆగాయి. తర్వాత ఇస్త్రీ బల్లల దగ్గర ఆవిరి చప్పుడు తగ్గింది. కాజాలక్క మిషన్ అన్నిటికన్నా ఆఖర్న ఆగింది, ఆవిడకి అర్థమవడానికి ఆలస్యమై కాదు, లేచి నిలబడి చూస్తూ కాలు తియ్యడం మరిచిపోయి. నలభై మంది తలలూ అద్దం వైపు తిరిగాయి.

"ఈ సంగతి కంపెనీకి ఇవాళ, పదకొండు గంటలకి తెలిసింది. నలభై మంది సాక్ష్యం. నాకు తెలియదని ఇంకెవరూ అనడానికి లేదు. కాగితంలో ఇంతే ఉంది. నా కాలర్లు వంకరపోయినందుకు క్షమించండని కూడా రాశాను. అది చదవను."

సూపర్‌వైజరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పక్కకి జరగలేదు.

అప్పుడే బల్ల మీద గేటు ఫోను మోగింది. మేనేజరు ఏదో ఒకటి పట్టుకుంటే చాలన్నట్టు దాన్ని అందుకున్నాడు. గేటు కాసే తాతకి చెముడు కాబట్టి ఫోనులో ఎప్పుడూ అరుస్తాడు. ఆయన మాట గదిలో అందరికీ వినపడింది. మైకులోంచి హాలుకీ వినపడింది.

"సార్! ఆ పిల్ల మొగుడు! లోపలికి వచ్చి పెళ్ళాన్ని తీసుకుపోతాడట! మీరే రమ్మన్నారంటున్నాడు! గేటు తియ్యమంటారా?"

మేనేజరు అద్దం అవతలికి చూశాడు. నలభై మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. ఒక్క మిషనూ తిరగడం లేదు.

కాలరమ్మాయి మైకుని ఆయన నోటి ముందుకి చాపింది.

"చెప్పండి సార్. అందరూ వింటున్నారు."

"ఆపమ్మా, ముందు అది ఆపు," అని గొణిగాడు. ఆ గొణుగుడు కూడా హాలు చివరి దాకా వెళ్ళింది.

"సార్? తియ్యమంటారా, వద్దా?" అని మళ్ళీ అరిచాడు గేటు తాత.

మైకు మాట్లాడాలంటే దాని బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి. వేలు తీస్తే ఆగిపోతుంది. కట్టు కట్టిన ఎడమ చేతితోనే పట్టుకుంది కాలరమ్మాయి. పొద్దుట్నుంచి ఒక్క మొన కూడా సరిగ్గా తిప్పలేకపోయిన బొటనవేలు ఆ బటన్ మీదే ఉంది. నొప్పికి ముఖమంతా చెమట పట్టింది.

వేలు తియ్యలేదు.